తులో చెప్పకుండా తల ముట్టుకోరాదు

శుక్రవారం ఉదయం ఆరింటికి కెలెరా తన యూనిఫాం చొక్కాని రెండోసారి ఇస్త్రీ చేసింది. మొదటి ఇస్త్రీకి వచ్చిన లోటేమీ లేదు. చేతులు ఊరుకోక చేసింది, అంతే. ఆ రోజు కార్యక్రమం ఆమె మనసులో గోడ మీద రాసినంత స్పష్టంగా ఉంది. ఏడింటికి డ్యూటీ ఎక్కాలి. ఎనిమిదింటికి ఊనా బామ్మకి స్నానం చేయించాలి. పదింటికి కాలేజీ నుంచి అసెసర్ వచ్చి, ఆమె పని చేస్తుండగా చూసి, కాగితం మీద సంతకం పెడతారు. పదకొండింటికి ఫీజీలో, లెవుకాలో ఉన్న తల్లికి ఫోను చేయాలి. సాయంత్రం కొబ్బరిపాలలో ఉడికించిన కర్రపెండలం తిని హాయిగా పడుకోవాలి.

ఆ సంతకం కోసం కెలెరా ఏడాదిగా ఎదురు చూస్తోంది. కూల్టా వృద్ధుల నిలయంలో ఆమెకి ఉద్యోగం ఇచ్చినప్పుడే షరతు పెట్టారు: ఏడాదిలోగా సంరక్షణ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, లేకపోతే వృద్ధుల ఒంటి మీద చెయ్యి వేయడానికి వీల్లేదు. పాఠాలన్నీ ఎప్పుడో ముగించింది. మిగిలింది చేసి చూపించే పరీక్ష ఒక్కటే. దానికోసం అసెసర్ రావడం అప్పటికే మూడుసార్లు తప్పిపోయింది. మొదటిసారి అసెసర్ కారు చెడిపోయింది. రెండోసారి అసెసరే చెడిపోయారు, జలుబు. మూడోసారి కాలేజీవాళ్లు పొరపాటున గోదాముల్లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాళ్లని పరీక్షించే ఆయన్ని పంపారు. ఆయన ఊనా బామ్మని మంచం మీంచి కుర్చీలోకి మార్చడం అంతా శ్రద్ధగా చూసి, "బాగానే ఉంది కానీ వెనక్కి తీసేటప్పుడు హారన్ మోగలేదే!" అన్నాడు.

గడువు ఆ రోజు సాయంత్రం అయిదింటితో సరి. అయిదు దాటితే కెలెరా మళ్లీ నారింజల షెడ్డుకే. ఈ దేశం వచ్చిన కొత్తలో ఎనిమిది నెలలు అక్కడ పండ్ల మీద చీటీలు అంటించింది. నారింజలతో పేచీ లేదు గానీ అవి మాట్లాడవు, పాటలు పాడించుకోవు, "ఇవాళ ఆలస్యంగా వచ్చావేం?" అని అలగవు. అలిగే మనుషులంటే కెలెరాకి ప్రాణం. పైగా తల్లి ఇప్పటికే చర్చి పాటల బృందానికంతా చెప్పేసింది. ఆదివారం విందుకి పందిని కూడా ఎంచి కట్టేసింది.

నిలయం గుమ్మంలో కాలు పెట్టగానే జేబులో ఫోను మోగింది. మేనేజరు గ్లెనిస్.

"కెలెరా తల్లీ, గుండె గట్టి చేసుకో. ఇద్దరు రాలేదు. ఒకరికి నడుం పట్టేసింది, ఇంకొకరికి వైన్ కంపెనీలో ఉద్యోగం పట్టేసింది."

"మీరెక్కడున్నారు?"

"వంటింట్లో. వంటాయనా రాలేదు. ముప్ఫై ఎనిమిది మందికి గుమ్మడికాయ చెక్కు తీస్తున్నా. విను. ఏజెన్సీ నుంచి వాళ్ల బదులు ఓ మనిషి వస్తున్నారు. కనపడగానే పట్టుకో, వదలకు. పోయినసారి వచ్చినవాడు మన పార్కింగ్ దాకా వచ్చి అటునుంచి అటే పారిపోయాడు. పదింటికి నీ అసెసర్. ఫైలు పట్టుకుని వస్తారు, సోఫాలో కూర్చోబెట్టి టీ ఇయ్యి, బాదం కేకు పెట్టు."

"అలాగే. ముందొచ్చేది ఏజెన్సీ, ఫైలుతో వచ్చేది అసెసర్."

"అదీ!" అంది గ్లెనిస్. అటువైపు ఏదో దొర్లిపడిన చప్పుడైంది.

ఏడూ అయిదుకి గుమ్మం గంట మోగింది. బయట యాభై దాటిన స్త్రీ నిలబడి ఉంది. ముదురు నీలం ప్యాంటు, నడకకి పనికొచ్చే బూట్లు, మెడలో కార్డు. కెలెరా గభాలున తలుపు తీసి, ఆమె మణికట్టు పట్టుకుని లోపలికి లాగి, తలుపు మూసి, తాళం అంకెలు నొక్కేసింది.

"హమ్మయ్య, వచ్చారా అక్కా! రండి రండి."

"నా పేరు జుడిత్ పెంగిలీ. నేను కేవలం చూడటానికి వచ్చాను. మీ పద్ధతులూ, మీ..."

కెలెరాకి నవ్వొచ్చింది. ఏజెన్సీ నుంచి వచ్చే ప్రతివాళ్లూ ఇదే పాట పాడతారు. మొదటి రోజు ఊరికే వెంట తిరిగి చూడటానికే వచ్చామంటారు, చెయ్యి మాత్రం కదపరు.

"అందరూ అదే అంటారక్కా. ఇక్కడ చూసేవాళ్లు ముప్ఫై ఎనిమిది మంది ఉన్నారు. చేసేవాళ్లే లేరు. ఇదిగో ఏప్రన్."

"మీరు పొరబడుతున్నారు. ఈ కార్డు ఒకసారి..."

"అయ్యో, కార్డు మెడలో వేసుకోకూడదక్కా! పెద్దవాళ్లు పట్టుకు లాగితే పీకకి ఉరి పడుతుంది. మీ ఏజెన్సీలో ఈపాటి చెప్పలేదూ?" అంటూ కెలెరా ఆ కార్డు తీసి, చదవకుండానే తన జేబులో వేసుకుంది.

జుడిత్ నోరు తెరిచింది. అదే క్షణంలో ఆరు గదుల్లో ఆరు గంటలు ఒకేసారి మోగాయి. ఏడో గదిలోంచి మెర్విన్ నోస్కీ అనే తాత, "ఏమోయ్! నన్నెవరైనా లేపుతారా, లేక ఇవాళ కూడా ఇక్కడే సంవత్సరీకం పెడతారా?" అని కేకేశాడు. జుడిత్ ఒకప్పుడు నర్సు. గంట మోగితే ఆలోచన కంటే ముందు కాళ్లు కదిలిపోయే రకం. ఎలాగూ టీ విరామం ఉంటుంది కదా, అప్పుడు తీరిగ్గా చెబుదాం అనుకుందట, తరువాత ఆమే చెప్పింది. ఆ ఇంట్లో టీ విరామం అనేది వచ్చి ఏడు నెలలైందని ఆమెకేం తెలుసు!

కొత్తగా ఎవరు వచ్చినా వాళ్ల పేరు మీద ఒక కాగితం నింపడం ఆ ఇంటి నియమం. దాని మీద ఒక్కొక్క పనికి ఎదురుగా రెండే మాటలు: 'అర్హత వచ్చింది', 'ఇంకా రాలేదు'. ఈ చదువులో ఎవరూ తప్పరు, పని చేతకాకపోతే 'ఇంకా రాలేదు', అంతే. కెలెరా ఆ కాగితాన్ని అట్టకి బిగించి, పెన్ను చెవి మీద పెట్టుకుంది.

మొదటి పని చేతులు కడుక్కోవడం. జుడిత్ కడుక్కుంది. కెలెరా తల అడ్డంగా ఊపింది.

"బొటనవేలు వదిలేశారు."

"ఏమిటి?"

"బొటనవేలక్కా. ఎడమది. అందరూ దాన్నే వదిలేస్తారు."

జుడిత్ మొహం ఎర్రబడింది. "చేతులు కడుక్కోవడం మీద నేను ఒక పుస్తకం రాశాను."

"చదివినవాళ్లు బాగా కడుక్కుంటూ ఉండి ఉంటారు లెండి," అంది కెలెరా సానుభూతిగా. కాగితం మీద రాసింది: ఇంకా రాలేదు.

రెండోది ఊనా ట్రెజైస్ బామ్మ గది. తొంభై ఒక్క ఏళ్ల ఊనా ఒకప్పుడు ఆ ఊరి ఆసుపత్రికి పెద్ద నర్సు. ఇప్పటికీ దిండు గలీబు మూల సరిగ్గా మడవకపోతే ఆవిడకి టీ దిగదు. ఏడాదిగా కెలెరా తప్ప మరొకరు స్నానం చేయిస్తానంటే గది తలుపు వేసుకుంటుంది. కెలెరా గదిలోకి వెళుతూ నడుం వంచి, "తులో, బూబూ, తులో" అంది. బూబూ అంటే బామ్మ, తులో అంటే మన్నించమని అడగడం. ఫీజీలో పెద్దవాళ్ల ముందు నుంచి వెళ్లాలన్నా, వాళ్ల తల మీదుగా చెయ్యి చాపాలన్నా ఒంగి ఆ మాట చెప్పాలి. తల మీద చెయ్యి వేయడమంటే అక్కడ చిన్న విషయం కాదు. కెలెరా వచ్చిన కొత్తలో ఎవరి జుట్టూ దువ్వలేక ఏడ్చింది. ఊనా బామ్మే, "ఆ మాటేదో చెప్పి దువ్వు పిల్లా, నేను సెలవిస్తాలే" అని దారి చూపింది. ఇప్పుడు ఆ ఇంట్లో అందరూ తులో అంటారు. మెర్విన్ తాత అయితే చక్రాల కుర్చీలో వరండా వెంట వచ్చేటప్పుడు ఆ మాటని హారన్‌లా వాడతాడు.

జుడిత్‌కి ఇదేమీ తెలియదు. బల్ల మీద దువ్వెన కనిపించింది. బామ్మ జుట్టు రేగి ఉంది. సాయం చేద్దామని వెనకనుంచి వెళ్లి తల మీద చెయ్యి వేసి దువ్వేసింది.

"అయ్యయ్యో!" కెలెరా చేతిలో తువ్వాలు కింద పడింది. "అడక్కుండా తల ముట్టుకున్నావా!" కంగారులో మీరు కాస్తా నువ్వైపోయింది.

"దువ్వానంతే కదా!"

"గుర్రాన్నీ అలాగే దువ్వుతారు," అంది ఊనా బామ్మ అద్దంలోంచి చూస్తూ. "రాసుకో పిల్లా."

కెలెరా రాసుకుంది. నిజానికి ఇది కాలేజీ జాబితాలో లేదు. ఆ ఇంటి కాగితంలో మాత్రం అడుగున చేత్తో రాసి ఉంది: తులో చెప్పకుండా తల ముట్టుకోరాదు. గ్లెనిస్ దాని కింద ముద్ర కూడా వేసింది.

మూడోది లిఫ్టర్. నడవలేని మనిషిని గుడ్డ జోలెలో కూర్చోబెట్టి మంచం మీంచి కుర్చీలోకి ఎత్తి దించే యంత్రం. దాన్ని ఇద్దరు లేకుండా ముట్టుకోకూడదు. కెలెరా సబ్బు తెచ్చేలోపు జుడిత్ ఒక్కతే మెర్విన్ తాతని జోలెలోకి ఎక్కించేసింది. కుర్చీకి బ్రేకు వేయడం మరిచిపోయింది. తాత దిగబోతుంటే కుర్చీ మర్యాదగా వెనక్కి జరిగింది. కెలెరా పరుగెత్తుకొచ్చి మోకాలు అడ్డం పెట్టింది.

మెర్విన్ తాత నలభై ఏళ్లు అక్కడి నది ఒడ్డు ఊళ్ల ఫుట్‌బాల్ పోటీల్లో గోలు దగ్గర అంపైరు. బంతి తిన్నగా స్తంభాల మధ్యనుంచి వెళితే రెండు చూపుడు వేళ్లు, పక్కకి పోతే ఒక్క వేలు చూపడం, గోలైతే రెండు జెండాలు ఊపడం ఆయన పని. ఆ అలవాటు ఇంకా పోలేదు. జోలెలో ఊగుతూనే జుడిత్ మొహమ్మీద ఒక్క వేలు చూపించాడు.

"ఇంకా రాలేదు," అంది కెలెరా, రాస్తూ. "బాధపడకక్కా. నాకూ మొదట్లో రాలేదు. సాయంత్రానికి నేర్పేస్తాగా."

పదింటికి గంట మళ్లీ మోగింది. గుమ్మంలో బట్టతల, ఎర్ర టై, చంకలో ఫైలు. అసెసర్! కెలెరా తలుపు బార్లా తీసింది.

"ఆలస్యమైందండీ, క్షమించాలి. దారిలో కంగారూ అడ్డం వచ్చింది. నా పేరు లెస్టర్. నేను..."

"తెలుసండీ, తెలుసు! మీకోసమే కళ్లు కాయలు కాసేలా చూస్తున్నాం!"

ఆయన్ని సోఫాలో కూర్చోబెట్టింది. టీ వచ్చింది. తేనె బాదం కేకు వచ్చింది, ఒక ముక్క కాదు, మూడు. లెస్టర్ ఆ కేకు వైపూ గోడల వైపూ తృప్తిగా చూశాడు.

"ఇంత మర్యాద ఎక్కడా చూడలేదండీ. నన్ను మీ వెంట ఉండి అన్నీ చూసి రాసుకోమన్నారు."

"చూడండి సార్, రాసుకోండి!" అంది కెలెరా. ఆమె ఒంట్లోకి కొత్త శక్తి వచ్చేసింది. ఇక ఆగలేదు. చేతులు ఎలా కడుక్కోవాలో పైకి చెబుతూ కడిగింది. మంచం దుప్పటి ముడత లేకుండా ఎలా పరవాలో, మింగడం కష్టమైనవాళ్లకి చెంచా ఏ కోణంలో పట్టాలో, మరుపు వచ్చినవాళ్లు ఇంటికి పోతానంటే వద్దనకుండా వాళ్ల ఇల్లెలా ఉంటుందో ఎందుకడగాలో, అన్నీ చూపించింది. లెస్టర్ వెంటబడి రాసుకున్నాడు. మధ్యమధ్య, "ఇది ఎందుకండీ?", "అలా చేయకపోతే ఏమవుతుంది?" అని అడిగాడు. ఎంత లోతైన ప్రశ్నలు వేస్తున్నాడో అని కెలెరా మురిసిపోయింది. లిఫ్టర్ దగ్గర రెండో మనిషిగా జుడిత్‌ని నిలబెట్టుకుని, చెవిలో గట్టిగా చెప్పింది.

"అసెసర్ ముందు పరువు తియ్యకక్కా. నోరెత్తకు. బ్రేకు మాత్రం వెయ్యి."

అసెసర్ అన్న మాట వినగానే జుడిత్ లెస్టర్ వైపు అనుమానంగా చూసింది, ఏదో అనబోయింది. కానీ అప్పటికే తాత గాలిలో ఉన్నాడు. బ్రేకు వేసింది.

పన్నెండింటికి కెలెరా తన కాగితం లెస్టర్ ముందు పెట్టింది. "సార్, ఇక్కడ సంతకం."

"ఓ, తప్పకుండా!" అని లెస్టర్ పొడుగ్గా, తోక తిప్పి మరీ సంతకం చేశాడు.

ఆ తరువాత అయిదు నిమిషాలు ఆ ఇల్లు పెళ్లిల్లే. కెలెరా లెస్టర్‌ని కావలించుకుంది. జుడిత్‌ని కావలించుకుంది. ఊనా బామ్మ తన బీరువాలో దాచిన షెర్రీ వైన్ సీసా బయటికి తీయించింది. కెలెరా తల్లికి ఫోను చేస్తే అటువైపు నుంచి వచ్చిన కేకకి మెర్విన్ తాత వినికిడి యంత్రం కుయ్యిమంది. "అయిపోయిందే అమ్మా! అయిపోయింది!" అని కెలెరా ఏడుస్తూ నవ్వింది.

లెస్టర్ కూడా చప్పట్లు కొట్టాడు. తరువాత మొహమాటంగా అడిగాడు.

"ఏమీ అనుకోకపోతే... నా అన్నం డబ్బా ఫ్రిజ్‌లో ఎక్కడ పెట్టుకోమంటారు?"

"మీరు డబ్బా తెచ్చుకున్నారా సార్?"

"మరి రాత్రి ఏడింటిదాకా డ్యూటీ కదండీ. ఇందాక హాజరు సంతకం పెట్టించారు గానీ, నా మొదటి రోజు కాగితం ఎవరు నింపుతారో చెప్పలేదు. మొన్నటిదాకా ద్రాక్షతోటలో కొమ్మలు కత్తిరించేవాణ్ని. సోమవారం ఆన్‌లైన్ కోర్సు ముగించా. వీడియోలు రెండింతల వేగంతో పెట్టుకోవచ్చు, తెలుసా? మొత్తం ఒక్క పూటలో అయిపోయింది. ఏజెన్సీవాళ్లు శుక్రవారం ఇక్కడికి పొమ్మన్నారు."

మెర్విన్ తాత వినికిడి యంత్రం మళ్లీ కుయ్యిమంది. కెలెరా నెమ్మదిగా జుడిత్ వైపు తిరిగింది.

"మరి... నువ్వెవరు అక్కా?"

జుడిత్ చెయ్యి చాపింది. కెలెరా తన జేబులోంచి కార్డు తీసి, ఆ రోజు మొదటిసారి చదివింది. ప్రభుత్వ నాణ్యతా విభాగం. అసెసర్.

"అసెసర్!" కెలెరా కళ్లు మళ్లీ మెరిశాయి. "అయితే మీరే..."

"నీ అసెసర్‌ని కాదమ్మా. ఈ ఇంటికి అసెసర్‌ని. చెప్పకుండా వచ్చే తనిఖీ."

సరిగ్గా అప్పుడే గ్లెనిస్ గుమ్మడికాయ ముక్కల పళ్లెంతో లోపలికి వచ్చి, ఆ ఆఖరి మాట విన్నది. తరువాత చాలా రోజులదాకా సోఫా కింద గుమ్మడికాయ ముక్కలు దొరుకుతూనే ఉన్నాయి.

కెలెరా తను చేసినవన్నీ లెక్కేసుకుంది. ప్రభుత్వ అధికారిణిని లోపలేసి తాళం వేసింది. ఆమె గుర్తింపు కార్డు లాక్కుంది. బొటనవేలు గురించి పాఠం చెప్పింది. ఇవన్నీ ఒక ఎత్తు, అమ్మకి అయిపోయిందని చెప్పేసింది, అదొక ఎత్తు. గోడ గడియారం వైపు చూసింది. నారింజల వాసన ముక్కుకి కొట్టినట్టయింది.

"కాలేజీకి ఫోను చెయ్యి," అంది జుడిత్.

కాలేజీ ఫోనులో పియానో వాయిద్యం వచ్చింది. మధ్యాహ్నం భోజనాలు పెట్టారు, పియానో వస్తూనే ఉంది. అందరికీ మందులయ్యాయి, మెర్విన్ తాత ఆ వాయిద్యానికి ఈల కూడా నేర్చుకున్నాడు. నాలుగింటికి ఒక స్త్రీ గొంతు పలికింది.

"అసెసర్ పోయిన నెలే మానేసిందండీ. మీకు ఉత్తరం రాలేదా? ఓ... ఉత్తరాలు పంపే అమ్మాయి కూడా మానేసిందిలెండి."

"మరి నా గతి?" కెలెరా ఫోనుని రెండు చేతులతో పట్టుకుంది.

"ఇంకో దారుంది. సాక్షి పత్రం. మీతో కలిసి నాలుగు గంటలకి తక్కువ కాకుండా పనిచేసిన రిజిస్టర్డ్ నర్సు, చూశాను, పని వచ్చు అని సంతకం చేస్తే చాలు. ఆ నర్సుకి మీ ఇంటి కొత్తవాళ్ల కాగితంలో అన్నిటికీ అర్హత వచ్చి ఉండాలి. అదీ జత చేయండి. అయిదులోపు. అయిదయ్యాక ఇక్కడ ఎవరూ ఉండరు. నిజానికి ఇప్పుడూ నేనొక్కదాన్నే ఉన్నా."

ఆ ఇంటికి వచ్చే నర్సులు వారానికొకరు మారతారు. ఆ వారపు నర్సు పొద్దుటినుంచీ అవతలి విభాగంలో మందుల బండికి అతుక్కుపోయి ఉంది, కెలెరా మొహం కూడా చూడలేదు. గ్లెనిస్ చదివింది హోటల్ నిర్వహణ. అందరూ చతికిలబడ్డారు. అప్పుడు జుడిత్ గొంతు సవరించుకుంది.

"నా నర్సు రిజిస్ట్రేషన్ ఇంకా అమలులోనే ఉంది. పొద్దుట ఏడునుంచి పన్నెండుదాకా ఈ అమ్మాయితో పనిచేశాను. అది పనిచేయడం అవునో కాదో నా నడుముని అడగండి."

గ్లెనిస్ ఎగిరి గంతేసింది. కెలెరా మాత్రం అట్టకి బిగించిన కాగితాన్ని నెమ్మదిగా బల్ల మీద పెట్టింది. చేతులు: ఇంకా రాలేదు. తల: ఇంకా రాలేదు. లిఫ్టర్: ఇంకా రాలేదు.

"మార్చెయ్ తల్లీ!" గ్లెనిస్ బతిమాలింది. "ఇంతే కదా, మూడు గీతలు!"

లెస్టర్ పెన్ను మూత తీసి మరీ అందించాడు. కెలెరా పెన్ను పట్టుకుంది. చెయ్యి ముందుకి పోలేదు. పందిని తలుచుకుంది, అమ్మని తలుచుకుంది, నారింజల్ని తలుచుకుంది. అయినా పోలేదు.

"నావల్ల కాదు," అంది, కళ్లనీళ్లతో. "రేపు ఎవరో ఈ కాగితం చూసి ఈవిడని మెర్విన్ తాత దగ్గరకి ఒంటరిగా పంపుతారు. కుర్చీ వెనక్కి పోతుంది. నేను అబద్ధం రాయను. నారింజల దగ్గరకే పోతా."

జుడిత్ ఆ కాగితాన్ని తన ముందుకి లాక్కుని చూసింది. ఆ ఏడాది ఇరవై రెండు ఇళ్లు తనిఖీ చేసింది, అన్నిచోట్లా కాగితాలు ముత్యాల్లా ఉన్నాయి. రాయనని మొండికేసిన మనిషి ఇక్కడే కనపడింది. 

"ఎవరు మార్చమన్నారు?" అంది, చొక్కా చేతులు పైకి మడుస్తూ. "మళ్లీ పరీక్ష పెట్టు."

గంట నాలుగూ ఇరవై. వార్త వరండా అంతా పాకింది. హాల్లో కుర్చీలన్నీ చుట్టూ చేరాయి. శనివారం ఫుట్‌బాల్‌కి కూడా రానివాళ్లు వచ్చారు. మెర్విన్ తాత చక్రాల కుర్చీలో మధ్యన, ఒళ్లో రెండు తెల్ల రుమాళ్లు జెండాలుగా పెట్టుకుని నిటారుగా కూర్చున్నాడు. వృద్ధుల మీద ప్రయోగాలు వద్దని కెలెరా పట్టుబట్టడంతో జోలెలో కూర్చునే పని గ్లెనిస్‌కి పడింది. రెండో మనిషి లెస్టర్.

"చేతులు," అంది కెలెరా.

జుడిత్ కడిగింది. కుడి బొటనవేలు. ఎడమ బొటనవేలు. దాన్ని మళ్లీ ఒకసారి. మెర్విన్ తాత రెండు వేళ్లు చాచాడు. గోల్! హాలంతా హోరెత్తింది.

"అడగడం."

"గ్లెనిస్ గారూ, మిమ్మల్ని లేపి ఆ కుర్చీలో కూర్చోబెడతాం. మీకు ఇష్టమేనా?"

"ఇష్టం లేదు, కానివ్వండి," అంది గ్లెనిస్. తాత కాసేపు ఆలోచించి రెండు వేళ్లూ చూపాడు.

"బ్రేకు."

టక్. టక్. గోల్!

గంట నాలుగూ నలభై. లెస్టర్ మీట నొక్కాడు. అది పైకి తీసుకుపోయే మీటే గానీ, వేలు తీయాలని రెండింతల వేగం వీడియోలో ఆయన గమనించలేదు. గ్లెనిస్ లేచింది, లేస్తూనే పోయింది. పైన పంకాకి మూరెడు దూరంలో జుడిత్ లెస్టర్ చేతి మీద చెయ్యి వేసి ఆపింది. గ్లెనిస్ జేబులో ఫోను మోగడం మొదలెట్టింది.

"ఎవరైనా డ్యూటీకి రానని చెబితే నన్నిక్కడే ఉంచేయండి!" అని అరిచింది గ్లెనిస్.

నెమ్మదిగా కిందికి దించుతుండగా తల పక్కనున్న పట్టీ మెలిక పడింది. దాన్ని సరిచేయాలంటే గ్లెనిస్ తల మీదుగా చెయ్యి పోవాలి. జుడిత్ చెయ్యి లేచింది. కెలెరా పెదవి కొరుక్కుంది, సాయం చెప్పకూడదు.  ఊనా బామ్మ కళ్లు మూసుకుంది.

ఆ చెయ్యి సగం దారిలో ఆగింది. జుడిత్ పెంగిలీ నడుం వంచింది. తల దించింది.

"తులో," అంది. మళ్లీ ఒకసారి, మెల్లిగా, "తులో."

"చెప్పావులే తల్లీ, దింపు!" అంది గ్లెనిస్.

పట్టీ సరైంది. గ్లెనిస్ కుర్చీలోకి మెత్తగా దిగింది. మెర్విన్ తాత రెండు వేళ్లూ చాచి, ఆపైన రుమాళ్లు రెండూ తీసి గాలిలో ఊపేశాడు. హాలు దద్దరిల్లింది. ఎవరో పళ్ల సెట్టు పారేసుకున్నారు, దాన్ని తరువాత వెతుకుదామన్నారు.

కెలెరా కొత్త కాగితం మీద మూడుసార్లు రాసింది: అర్హత వచ్చింది. జుడిత్ సాక్షి పత్రం మీద సంతకం పెట్టింది. లెస్టర్ ఫోనుతో ఫొటో తీసి పంపాడు. రెండింతల వేగం అప్పుడు పనికొచ్చింది. నాలుగూ యాభై ఎనిమిదికి జవాబు వచ్చింది: అందింది, గడువులోగా నమోదైంది.

కెలెరా ఊనా బామ్మ ఒళ్లో తల పెట్టి ఏడ్చేసింది. బామ్మ చెయ్యి ఎత్తి, ఆగి, "తులో పిల్లా" అని, అప్పుడు జుట్టు నిమిరింది.

తరువాత కెలెరా తల్లికి ఫోను చేసింది. "అమ్మా! అయిపోయిందే! ఇప్పుడు నిజంగా అయిపోయింది!"

"మధ్యాహ్నమే అయిపోయిందన్నావు కదే?" అంది తల్లి నోట్లో ఏదో నములుతూ. "ఆదివారం దాకా ఎవరాగుతారు? పందిని అప్పుడే నిప్పుల గుంటలో పెట్టి వండేశాం. బాగా కుదిరింది."

జుడిత్ వెళ్లబోతూ గుమ్మంలో ఆగింది. తాళం అంకెలు ఆమెకింకా తెలియవు. కెలెరా తలుపు తీస్తూ, నేల చూపులు చూస్తూ అడిగింది.

"తనిఖీకి ఇద్దరిద్దరు వస్తారట కదా అక్కా... అదే, మేడమ్?"

"రావాలి. రెండో పోస్టు ఖాళీగా ఉంది," అంది జుడిత్. "అక్కా అనే పిలువు."

మూడు వారాలకి కూల్టా నిలయానికి నివేదిక వచ్చింది. సిబ్బంది చాలరని, వెంటనే నలుగురిని తీసుకోవాలని, కొత్తవాళ్లకి శిక్షణ ఇచ్చే బాధ్యత కెలెరాకి అప్పగించాలని అందులో ఉంది. నాలుగో పేజీలో తీవ్రమైన లోపం ఒక్కటే రాశారు: 'తనిఖీ రోజున అర్హత లేని ఒక మహిళ అయిదు గంటలపాటు వృద్ధుల సేవలో ఉన్నట్లు, ఆమె ఎడమ బొటనవేలు కడుక్కోనట్లు గుర్తించడమైనది.' దాని కింద సంతకం సదరు మహిళదే.